శరత్కాలంలో పూసే అడవి డాఫొడిల్‌లు: గుర్తింపు, పెంపకం

సభకు నమస్కారం.

డాఫొడిల్ అనగానే వసంతకాలం, పొడవాటి ఆకుల గుబురు, గిన్నెలాంటి కిరీటంతో పెద్ద పసుపు పువ్వు కళ్ళ ముందు కదులుతాయి. ఈరోజు మాట్లాడుకోబోయే మొక్కల్లో ఈ మూడూ దాదాపు ఉండవు. ఇవి సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య పూస్తాయి. పువ్వు వెడల్పు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, కిరీటం ఉండీ లేనట్టుంటుంది. అన్నిటికంటే విచిత్రం, వీటిలో చాలావాటికి పూసే వేళకు ఆకే కనిపించదు. గుర్తింపులోనూ పెంపకంలోనూ నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ ఆకు సంగతి పట్టించుకోకపోవడం వల్ల జరిగినవే. అందుకే పువ్వు కంటే ముందు మొక్క మొదలు దగ్గర చూడమని మీకు చెప్పదలచుకున్నాను.

ఈ మొక్కల స్వస్థలం మధ్యధరా సముద్ర ప్రాంతం, ముఖ్యంగా దాని పడమటి కొస. అక్కడ ఎండాకాలమంతా చినుకు పడదు, గడ్డలు మట్టిలో నిద్రపోతాయి. ఎండ తగ్గి తొలి వానలు పడగానే ముందు పువ్వు వస్తుంది. ముదిరిన గడ్డ ఆ ఏడు పూకాడ వేస్తే సాధారణంగా ఆకు వేయదు, ఆకు వేస్తే పూయదు. పూసిన ఏడాది ఆకు చేయవలసిన పనిని ఆకుపచ్చని పూకాడే చేస్తుంది. వీటిలో సెరోటినస్, విరిడిఫ్లోరస్ అనే జాతుల్లో ఈ లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక ఒక్కొక్క జాతినీ చూద్దాం, నార్సిసస్ అన్నది డాఫొడిల్‌ల ప్రజాతి పేరు. నార్సిసస్ సెరోటినస్‌కు 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పేరు పెట్టాడు, సెరోటినస్ అనే మాటకు ఆలస్యంగా వచ్చేది అని అర్థం. దక్షిణ పోర్చుగల్, నైరుతి స్పెయిన్, మొరాకో వాయవ్య భాగం దీని నెలవులు. సన్నని పూకాడ చివర తరచుగా ఒకే తెల్లని పువ్వు, మధ్యలో పసుపు రంగు బుల్లి కిరీటం ఉంటాయి. దీనితో రెండు శతాబ్దాలకు పైగా కలగలిసిపోయిన మొక్క నార్సిసస్ అబ్సొలీటస్. దీని కిరీటం నారింజ రంగు, ఒక్కో కాడకు రెండు మూడు పువ్వులు రావడం మామూలే, వ్యాప్తి కూడా తూర్పున ఇజ్రాయెల్ వరకూ ఉంది. పాత పుస్తకాల్లో తూర్పు మధ్యధరా సెరోటినస్ అని కనిపిస్తే అది అబ్సొలీటస్ అనుకుని చదువుకోవచ్చు.

ఈ రెండూ వేరని తేల్చడానికి క్రోమోజోముల లెక్క బాగా ఉపయోగపడింది. సెరోటినస్‌కు 10, ఎలిగాన్స్ అనే మరో శరత్కాలపు జాతికి 20, అబ్సొలీటస్‌కు 30 క్రోమోజోములున్నాయి. మొదటి రెంటి బీజకణాల్లో సగం చొప్పున ఉండే 5, 10 కలిస్తే వచ్చే 15 రెట్టింపయితే 30 అవుతుంది. అంటే అబ్సొలీటస్ ఆ రెండు జాతుల సంకరం వల్ల పుట్టిన జాతి. నారింజ ఛాయ ఎక్కడిదో తెలియాలంటే ఎలిగాన్స్‌ను పక్కన పెట్టి చూడాలి. ఇటలీ, సిసిలీ, బలేరిక్ దీవులు, ఉత్తర ఆఫ్రికాల్లో పెరిగే ఎలిగాన్స్ పువ్వుల్లో రేకులు సన్నగా, మొన తేలి ఉంటాయి, కిరీటం మొదట ఆకుపచ్చగా ఉండి తర్వాత మసక నారింజకు తిరుగుతుంది. దీన్ని పట్టి ఇచ్చే అసలు గుర్తు మాత్రం పూసేటప్పుడు పక్కనే ఉండే ఆకు. కాబట్టి ఎవరైనా పువ్వును మాత్రమే ఫోటో తీసి పేరు అడిగితే, నేను మట్టి దగ్గర తీసిన మరో ఫోటో అడుగుతాను.

మొరాకో అట్లాంటిక్ తీరపు బ్రూసొనెటియై కూడా ఆకులతో పాటే పూస్తుంది. పొడవాటి గొట్టం గల తెల్లని, సువాసన గల పువ్వులు గుత్తిగా వస్తాయి. కిరీటం ఆనవాలుకు మాత్రమే మిగిలి ఉండటంతో చూసినవాళ్ళు ఇది నార్సిసస్ అని ఒక పట్టాన నమ్మరు.

కావనిలేసియైది అదే తంటా. కిరీటం దాదాపు లేని చిన్న పసుపు పువ్వు కావడంతో వృక్షశాస్త్రజ్ఞుడు కావనిలెస్ దీన్ని మొదట పాంక్రేషియం అనే మరో ప్రజాతిలో చేర్చాడు, ఆ తర్వాత ఇది పలు ప్రజాతులు తిరిగి చివరకు నార్సిసస్‌లో కుదురుకుంది. తెల్ల పూల జాతులు పక్కన ఉంటే వాటితో సంకరమవుతుంది, అలాంటి చోట మధ్యస్థ రంగులు కనిపిస్తే కొత్త జాతి దొరికిందని సంబరపడనక్కర లేదు. పోర్చుగల్‌లో అల్కేవా జలాశయం కింద మునగబోయిన చోటు నుంచి దీని గడ్డలను తవ్వి వేరే చోట నాటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది విరిడిఫ్లోరస్. జిబ్రాల్టర్ జలసంధికి ఇటూ అటూ, చలికాలంలో నీరు నిలిచే బంకమట్టి నేలల్లో పెరుగుతుంది. రేకులు, కిరీటం, కాడ అన్నీ ఒకే ఆలివ్ పచ్చదనం. పగలు పక్కనే నిలబడినా పూసిందని తెలియదు, చీకటి పడ్డాక ఘాటైన సువాసన తెలియజేస్తుంది. రాత్రి తిరిగే చిమ్మటల కోసం పూసే పువ్వుకు రంగుతో పనేముంది? మొదటిసారి నా కుండీలో ఇది వచ్చినప్పుడు తుంగ పరకలాంటి పచ్చని పుల్ల చూసి, కలుపు మొక్క అనుకుని పీకేశాను. చేతిలోకి వచ్చాక చూస్తే దాని కొన దగ్గర పలుచని తొడుగులో మొగ్గలున్నాయి. ఆ ఏడు ఆ గడ్డకు ఉన్న ఒకే ఒక్క పచ్చని భాగాన్ని నా చేతులతోనే తీసేశాను.

పెంపకంలో ముఖ్యమైనది ఎండాకాలపు పొడి. వేసవిలో వానలు పడే చోట ఆరుబయట నాటితే గడ్డ అడుగు కుళ్ళిపోతుంది, ఫ్యుజేరియం శిలీంధ్రానికి వేడిలో తడి మట్టి కంటే అనుకూలమైనది లేదు. అందుకే లోతైన కుండీలో, నీరు నిలవని ఇసుక కలిసిన మట్టిలో నాటి, వేసవంతా కప్పు కింద బాగా వెచ్చగా ఉంచాలి. నీడలో చల్లగా దాచిన గడ్డలు బతుకుతాయి గాని పూయడానికి మొరాయిస్తాయి. ఆగస్టు చివరో సెప్టెంబరు మొదటో ఒకసారి మట్టి అడుగుదాకా తడిసేలా నీరు పోసి, మొనలు కనిపించాక క్రమంగా పెంచాలి. చలికాలంలో వీలైనంత ఎండ తగలాలి, గట్టి మంచు కురిసే చోట అద్దాల గదిలో ఉంచాలి. పూలు వాడాక కాడ కోయకూడదని వేరే చెప్పనక్కర లేదు. గడ్డలు విషపూరితం, వాటి రసం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది కాబట్టి చేతొడుగులు వేసుకోండి.

అడవి నుంచి తవ్వి తెచ్చిన గడ్డల జోలికి పోవద్దు, విత్తనం దారే మంచిది. నల్లని గింజలను శరత్కాలంలో విత్తితే తొలి ఏడు దారంలాంటి ఒక్క ఆకు వస్తుంది. ఏటా ఆ ఆకు కాస్త లావవుతుంది. నాలుగైదేళ్ళకు, వానలు మొదలయ్యాక కూడా ఏ శరత్తులోనైనా ఆకు రాకపోతే గడ్డ చచ్చిందని కుండీ బోర్లించకండి. ఇంకో రెండు వారాలు ఆగి, మట్టి మీద పచ్చని పుల్ల మొన కోసం వెతకండి.