గడియారం ఎంత తప్పిందో ముందు చూడండి

నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. లినక్స్ కంప్యూటర్‌లో తేదీ, సమయం తప్పుగా వస్తే మీరు మొదట ఏం చేస్తారు? మూలన ఉన్న గడియారం మీద నొక్కి, చేత్తో సరిచేస్తారు. ఆ పని చేయకండి అని చెప్పడానికే ఈ వీడియో. ఎంత తప్పిందో చూడకుండా సరిచేస్తే, ఎందుకు తప్పిందో చెప్పే ఆధారాన్ని మన చేత్తో మనమే చెరిపేసినట్టు అవుతుంది.

పరకాల వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పది కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఒకే ఏడాది కొన్నవి, అన్నిటిలోనూ లినక్సే. వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడి తెరిచారు. కంప్యూటర్లన్నీ వెలిగాయి గాని వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. లెక్కల మేడమ్ ఫోన్ చేశారు. "ఇంటర్నెట్ వస్తోంది తమ్ముడూ, అదే వైఫైతో నా ఫోనులో అన్నీ తెరుచుకుంటున్నాయి. వీటిలోనే భద్రత లేదని హెచ్చరిక వస్తోంది" అన్నారు.

"తేదీ ఎంత చూపిస్తోంది మేడమ్?" అని అడిగాను. తొమ్మిదింటిలో ఏప్రిల్ 23. పదో దానిలో మాత్రం ఎన్నో ఏళ్ల కిందటి తేదీ.

ఆ మాట వినగానే సగం పని అయిపోయింది. ఎందుకో చెబుతాను.

ప్రతి వెబ్‌సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. అది ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. చాలా సైట్లు 90 రోజుల సర్టిఫికెట్లు వాడతాయి. మే నెలలో తీసుకున్న సర్టిఫికెట్‌ను ఏప్రిల్‌లోనే ఉన్నాననుకునే కంప్యూటర్ ఎలా నమ్ముతుంది? అది ఇంకా పుట్టలేదు కదా! బ్రౌజర్ తప్పేమీ లేదు.

ఇక కంప్యూటర్‌లో గడియారాలు రెండు. ఒకటి మదర్‌బోర్డు మీద ఉంటుంది, దాన్ని ఆర్‌టీసీ, అంటే రియల్ టైమ్ క్లాక్ అంటారు. అందులో చిన్న క్వార్ట్‌జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకె నాకెంతో ఇష్టం. దాన్ని పదిహేను సార్లు సగం చేస్తూ పోండి, సరిగ్గా ఒకటి వస్తుంది. అదే మన సెకను. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు ఈ గడియారాన్ని నడిపేది సీఆర్ 2032 అనే మూడు వోల్టుల సీమాస్ బ్యాటరీ. రెండోది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ నడిపే గడియారం. కంప్యూటర్ వెలిగేటప్పుడు మొదటిదాన్ని చూసి తన సమయం పెట్టుకుంటుంది, ఆ తర్వాత తన లెక్క తనది.

ఇంట్లో డెస్క్‌టాప్ ఆపినా ప్లగ్గు గోడకే ఉంటుంది, కాబట్టి బ్యాటరీ మీద భారం పడదు. బడిలో అలా కాదు. సాయంత్రం మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేస్తారు. నిప్పు భయంతో చేసే మంచి పనే అది. కాని రోజూ రాత్రంతా, ఏటా ఎండాకాలమంతా ఆ చిన్న బిళ్ల ఒక్కటే గడియారాన్ని మోయాలి. అందుకే పది బ్యాటరీలూ ఒకే సెలవుల్లో చచ్చిపోయాయి.

మరి బ్యాటరీ పోతే తొమ్మిదింటిలో ఏప్రిల్ 23 ఎలా వచ్చింది? లినక్స్‌లో సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అనే సర్వీసు సమయాన్ని ఎప్పటికప్పుడు డిస్కు మీద గుర్తు పెట్టుకుంటుంది. మదర్‌బోర్డు గడియారం అంతకన్నా వెనక్కి చూపిస్తే దాన్ని నమ్మదు, తాను చివరిసారి చూసిన సమయం దగ్గరి నుంచే మొదలుపెడుతుంది. సెలవులు ఇచ్చిన రోజు సాయంత్రం నుంచి అవి మళ్లీ లెక్క పెట్టడం మొదలుపెట్టాయన్న మాట. పదో కంప్యూటర్‌లో ఎవరో ఒకసారి చేత్తో సమయం మార్చారు. అలా మార్చాలంటే ఆటోమేటిక్ సమయాన్ని ఆపాలి. దాన్ని ఆపితే గుర్తు పెట్టుకునే ఆ సర్వీసూ ఆగిపోతుంది. బడిలో ఉన్నది పాత వెర్షను కాబట్టి, లినక్స్‌లో సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ తయారైన నాటి తేదీకి వెళ్లి కూర్చుంది.

అయినా ఇంటర్నెట్ ఉంది కదా, అక్కడి నుంచి సరైన సమయం తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవాలి. దానికోసమే ఎన్‌టీపీ ఉంది. డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ పద్ధతి 1985 నుంచి వాడుకలో ఉంది. తెర మీద చూడండి, టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని కొడుతున్నాను. ఎన్‌టీపీ సర్వీసు నడుస్తోంది అని ఉంది, కాని గడియారం సరిపోలిందా అన్న వరుసలో 'లేదు' అని ఉంది. అంటే అడుగుతోంది, జవాబు రావడం లేదు. ఎన్‌టీపీ వెళ్లేది యూడీపీ 123 పోర్టు మీద. పోర్టు అంటే నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే నంబరు తలుపు అనుకోండి. బడి రౌటరులో ఆ పోర్టు మూసి ఉంది. దాన్ని తెరిచాక నిమిషం తిరక్కుండానే తొమ్మిది కంప్యూటర్లూ జూన్‌లోకి వచ్చేశాయి! పదో దానిలో 'సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ' అని కొడితే అదీ దారికి వచ్చింది. సమయం కుదిరాక కెర్నెలే పదకొండు నిమిషాలకోసారి దాన్ని మదర్‌బోర్డు గడియారంలో రాస్తుంది. బ్యాటరీలు మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయండి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగేది వేరే సమస్య. విండోస్, లినక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఐదున్నర గంటల తేడా. బ్యాటరీ మార్చాలని ఎవరైనా చెబితే వినకండి. ఐదున్నర గంటలంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే యూటీసీ సమయానికి, మన భారత సమయానికి ఉన్న తేడా. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుని చదువుతుంది. ఉదయం పది గంటలకు లినక్స్ తెరిస్తే మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. లినక్స్ ఇంటర్నెట్‌లో సరిచేసుకుని తన పద్ధతిలో రాశాక, ఇప్పుడు విండోస్ ఐదున్నర గంటలు వెనకబడుతుంది. రెండూ ఒకదాని రాతను ఒకటి కొట్టేసుకుంటూనే ఉంటాయి.

'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని కొట్టి, మదర్‌బోర్డు గడియారాన్ని మన సమయంగానే చదివేలా లినక్స్‌నే మార్చమని చాలామంది చెబుతారు. పని జరుగుతుంది, కాని నేను చెప్పను. అలా పెడితే టైమ్‌డేట్‌సీటీఎల్ కూడా హెచ్చరిస్తుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్' విలువను ఒకటి చేసి, దానికే యూటీసీ నేర్పండి. లినక్స్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఉందో లేదో కూడా చూడండి.

ఇక రోజుకు ఒకటి రెండు సెకన్ల తేడా వస్తే కంగారు పడకండి, ఏ క్వార్ట్‌జ్ గడియారానికైనా అది మామూలే. ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండే ఊళ్లలోనైతే టైమ్‌సింక్‌డీ బదులు క్రోనీ అనే సర్వీసు పెట్టుకోండి. గడియారం ఎంత వేగంగా తప్పుతోందో అది నేర్చుకుని, నెట్ లేనప్పుడు కూడా సర్దుతూ ఉంటుంది. మేడమ్ వాళ్ల బడిలో ఇప్పుడు నడుస్తున్నది అదే.