ఎస్టిమేట్‌లో రాయని ఖర్చు

(తిరుపతిలో బిల్డర్లు, మేస్త్రీలు, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మేస్త్రీలు కూర్చున్నందుకు సంతోషం. మామూలుగా ఇలాంటి సభల్లో వాళ్ళని వెనక నిలబెడతారు.

మన దేశంలో వ్యవసాయం తర్వాత ఎక్కువమందికి కూడు పెడుతున్నది కట్టుబడి పనే. మన చుట్టూనే చూడండి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, అటు శ్రీసిటీ, కొండ కింద లెక్కలేనన్ని లాడ్జీలు. ఒక స్లాబు పడుతోందంటే ఇనుప కొట్టు నుంచి ఇటుక బట్టీ దాకా, సైటు పక్కన టీ బంకు దాకా డబ్బు తిరుగుతుంది. పడమటి మండలాల్లో వాన రాక వేరుశనగ ఎండిపోయిన ఏడాది, ఆ రైతే ఇక్కడికొచ్చి బాండ్లీ ఎత్తుతాడు. కరువు జిల్లాకి ఇది చిన్న ఆధారం కాదు.

2023 జూలైలో మన ఊరి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు పనుల్లో సెగ్మెంట్ పడి ఇద్దరు కార్మికులు చనిపోయారు. పెద్ద ప్రాజెక్టు కాబట్టి ఊరంతా మాట్లాడుకుంది. రెండంతస్తుల ఇంటి మీద నుంచి జారిపడినవాడి సంగతి జిల్లా పేజీలో నాలుగు లైన్లు, అదీ వస్తే. నా బాధ ఈ చిన్న సైట్ల గురించే.

స్లాబు రోజు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. తెల్లవారుజామునే కాంక్రీటు కలిపే మిల్లర్ మొదలవుతుంది. వైబ్రేటర్ వైరుకి మూడుచోట్ల టేపు చుట్టి ఉంటుంది, అది తడి కాంక్రీటులోనే పడి ఉంటుంది. అంచున రెయిలింగ్ ఉండదు. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, వదలకుండా కట్టాం కాబట్టి హైటెన్షన్ తీగ బాల్కనీ పక్కనే పోతుంటుంది. అంతకు రెండు రోజుల ముందు ఇనుప కమ్మీ పైకి లాగినప్పుడు ఇంకా ఘోరం. కమ్మీ పొడవు 12 మీటర్లు. పైన లాగేవాడు కిందకి చూస్తాడు, కిందవాడు తన చేతిలోని కొన చూస్తాడు. తీగను చూసేవాడు ఎవడూ ఉండడు.

జరగరానిది జరిగితే ఎవరిని అడగాలి? ఇంటాయన, అడుగు లెక్కన మేస్త్రీకి ఇచ్చేశానంటాడు. మేస్త్రీ, పొద్దున అడ్డాలో పిలుచుకొచ్చాను, ఇంటిపేరు కూడా తెలీదంటాడు. ఇంజనీరు ప్లాను మీద సంతకం వరకే నాదంటాడు. చివరికి ఆసుపత్రి ఆవరణలో పంచాయితీ, ఎంతో కొంత ఇచ్చి రాజీ.

‘హెల్మెట్ ఇస్తే పెట్టుకోరు సార్’ అంటారు. నిజమే. మే నెల ఎండలో తిరుపతిలో మీరు పెట్టుకుని చూడండి. పైగా నెత్తిన బాండ్లీ మోసే అమ్మ హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే నేను హెల్మెట్‌తో మొదలుపెట్టను. అంచుకి అడ్డు గొట్టం, సారువకి, అంటే గోడ పక్కన నిలబడి పనిచేసే కర్రల మంచెకి, గట్టి కట్టు, నడవడానికి సరైన పలక, కరెంటు బోర్డుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి), మట్టి విరిగిపడకుండా పునాది గుంతకి వాలు. ఇవి ముందు. వీటి ఖర్చు టైల్స్ మార్చుకున్న ఖర్చంత ఉండదు. కానీ ఎస్టిమేట్‌లో టైల్స్‌కి లైను ఉంటుంది, వీటికి ఉండదు. రాయని ఖర్చు ఎవరూ పెట్టరు. సివిల్ పిల్లలూ, మీరు వేసే మొదటి ఎస్టిమేట్‌లోనే ఆ లైను రాయండి. క్లయింటు కొట్టేస్తే కొట్టేయనివ్వండి, కొట్టేసింది ఎవరో కాగితం మీదైనా ఉంటుంది.

చట్టం లేక కాదు. 1996లో వచ్చిన చట్టాలతో మొదలైన 1 శాతం సెస్సు నిర్మాణ ఖర్చు మీద కడుతున్నాం. 2 కోట్ల అపార్ట్‌మెంటుకి 2 లక్షలు. ఆ డబ్బు కార్మికుల సంక్షేమానికి. రాష్ట్రాల దగ్గర వేల కోట్లు ఖర్చు కాకుండా మూలుగుతున్నాయని 2018లో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజులు పనిచేశాడని రాసివ్వడానికే చాలామంది జంకుతారు, రేపు ఏ కేసు మెడకు చుట్టుకుంటుందోనని. ఆ భయం పనివాడి పొట్ట కొడుతోంది. మేస్త్రీలూ, ఒక నోటు పుస్తకం పెట్టండి. పేరు, ఊరు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, వచ్చిన తేదీ రాసుకుంటే చాలు.

ఇక తీగ పక్కన కమ్మీ ఎత్తే రోజు లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్సీ తీసుకోండి, అంటే పని అయ్యేదాకా ఆ లైనుకి కరెంటు ఆపించండి. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన ఊళ్ళోనే ఉంది. రెండు గంటలు కరెంటు పోతే వీధివాళ్ళు తిడతారు, ఆ మాటలు పడండి.