సముద్రం లేని లైట్‌హౌస్

[దృశ్యం: హన్మకొండలో ఓ మేడ మీది గది. గోడకు ఆనించిన కాన్వాసులు. అన్నిట్లోనూ లైట్‌హౌసే.]

"వరంగల్‌ల ఉంటవ్, ఈ లైట్‌హౌస్‌లేందిరా?" ఇంటికొచ్చిన వాళ్లందరూ అడిగేది ఇదే.

నేను మొదట చూసిన లైట్‌హౌస్ గోదావరిఖనిలో. నవ్వకండి. రామగుండం ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు చిమ్నీ గురించే చెప్తున్నా. మా బాపు నైట్ షిఫ్ట్‌కు బాయికి, అంటే బొగ్గు గనికి, పోయిన రాత్రులు మేం డాబా మీద పడుకునేవాళ్లం. చీకట్లో దూరంగా, చిమ్నీ మీద ఎర్ర దీపం. "అది ఎవరి కోసమే?" అని అమ్మను అడిగితే, "బాపు కోసం" అన్నది. విమానాల కోసమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

[దృశ్యం: ఒక పక్క చిమ్నీ, ఇంకో పక్క చెన్నై మెరీనా లైట్‌హౌస్.]

లైట్‌హౌస్‌కు రంగు పట్టీలు ఎందుకో తెలుసా? పగటిపూట దీపం అంతగా కనబడదు. ఓడలో వాళ్లు ఆ రంగులను బట్టి తాము ఏ తీరం దగ్గరున్నారో పోల్చుకుంటారు. చెన్నైది ఎరుపు, తెలుపు. రాత్రయితే మెరుపుల లెక్క: ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు వెలిగిందో చూసి ఫలానా లైట్‌హౌస్ అని గుర్తుపడతారు. ఇది తెలియక నా మొదటి బొమ్మల్లో చేతికి ఏ రంగొస్తే ఆ పట్టీ వేశాను. ఓడలన్నీ దారి తప్పేవే!

[దృశ్యం: అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ చిత్రం.]

నన్ను నిలబెట్టింది మాత్రం ఈ బొమ్మ. 1929లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కేప్ ఎలిజబెత్ దగ్గరి లైట్‌హౌస్‌ను హాపర్ ఇలా వేశాడు. కాసేపు ఆపి చూడండి. సముద్రం ఎక్కడుంది? చుక్క నీళ్లు కూడా లేవు. దీపం వెలుగూ లేదు, అంతా పగటి ఎండే. గుట్ట కింద నిలబడి తలెత్తి చూసినట్టు గీశాడు. ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ, వెనక ఆకాశం. ఇది మా డాబా మీది చూపే కదా అనిపించింది నాకు.

తర్వాత గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్ కూడా పోయొచ్చా. ఒడ్డు దగ్గర నీళ్లు నేను అనుకున్నంత నీలంగా లేవు, ఇసుక కలిసి మట్టి రంగులో ఉన్నాయి. అయినా నా సముద్రాలకు నేను వేసేది నలుపే. బొగ్గు నలుపు.

[దృశ్యం: సగం పూర్తయిన కాన్వాసు. కింది మూలన చిన్న సైకిల్ గీస్తున్న చెయ్యి.]

సముద్రం ఒడ్డున సైకిలేందని అడుగుతారేమో. అది బాపుది. డ్యూటీ అయిపోయింది, ఇంటికి వస్తున్నడు.