రంగునీటి నుంచి హైడ్రోజన్: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది?

నిర్వాహకురాలు: అద్దకం యూనిట్ల రంగునీళ్లను శుద్ధి చేస్తూనే హైడ్రోజన్ తీయొచ్చంటున్నారు. ఆ హైడ్రోజన్ రంగులోంచి వస్తుందా, నీటిలోంచా?

ఎలక్ట్రోకెమిస్ట్: నీటిలోంచేనండి. నీటిలోకి కరెంటు పంపితే క్యాథోడ్ (రుణ ధ్రువం) దగ్గర హైడ్రోజన్ పుడుతుంది. మామూలు ఎలక్ట్రోలిసిస్‌లో ఆనోడ్ (ధన ధ్రువం) దగ్గర వచ్చే ఆక్సిజన్‌ను చాలాచోట్ల గాలికి వదిలేస్తారు. ఇక్కడ ఆ ఆనోడ్‌కు రంగును ఆక్సీకరించే పని అప్పగిస్తాం.

నిర్వాహకురాలు: ఎంత వస్తుంది?

ఎలక్ట్రోకెమిస్ట్: ఒక ఆంపియర్ గంటసేపు పారితే 0.0376 గ్రాములు. 25 డిగ్రీల దగ్గర దాదాపు 0.46 లీటరు. అదే కరెంటు ఆనోడ్ వైపు, ఒక్క ఎలక్ట్రాన్ కూడా దారి తప్పకపోతే, 0.3 గ్రాముల సీఓడీ తీసేస్తుంది. సీఓడీ అంటే నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ లెక్క.

ప్లాంట్ ఇంజినీర్: ఆ ‘దారి తప్పకపోతే’ అన్నదే అసలు చిక్కు. సీఓడీ లీటరుకు 1000 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు ఆనోడ్ ప్లేటు దగ్గరికి ఆక్సీకరించాల్సిన సరుకు బాగానే అందుతుంది. అది 100కి దిగితే, అదే ప్రవాహ వేగంలో ఆనోడ్ వాడుకోగల కరెంటు కూడా పదోవంతుకు పడిపోతుంది. అయినా పాత ఆంపియర్లే తోస్తుంటారు. మిగిలిందంతా ఆక్సిజన్ బుడగలవుతుంది. సీఓడీ తగ్గేకొద్దీ కరెంటు మెట్లుమెట్లుగా దించాలి, లేదా పంపు వేగం పెంచాలి.

నిర్వాహకురాలు: నీళ్లలో రంగు పోయిందంటే పని అయినట్టేనా?

ఎలక్ట్రోకెమిస్ట్: కాదు. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగునే తీసుకోండి. అది వెలుగును పీల్చుకునే గ్రాఫులో శిఖరం 664 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అణువు నుంచి ఒక్కో మిథైల్ గుంపు ఊడేకొద్దీ శిఖరం ఎడమకు జరుగుతూ, చిన్నదవుతుంది. ఆ గ్రాఫు చూసి ‘శుద్ధి అయింది’ అనేస్తారు. ముక్కలు మాత్రం నీళ్లలోనే ఉంటాయి. టీఓసీ, అంటే నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్, కొలవాల్సిందే. రెండు నత్రజని అణువుల జంట బంధం (అజో బంధం) ఉన్న అజో రంగులైతే ఇంకో ప్రమాదం: క్యాథోడ్‌కు తగిలితే అజో బంధం తెగి ఆరోమాటిక్ అమైన్లు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. పైగా హైడ్రోజన్‌కు పోవాల్సిన ఎలక్ట్రాన్లను రంగే లాగేస్తుంది.

ప్లాంట్ ఇంజినీర్: అందుకే మధ్యలో పొర వేస్తాం. ఆనోడ్ గదిలో రంగునీరు, క్యాథోడ్ గదిలో లీటరుకు 40 గ్రాముల కాస్టిక్ సోడా ద్రావణం, నడుమ నాఫియాన్ వంటి క్యాటయాన్ పొర, అంటే ధనావేశ అయాన్లనే దాటనిచ్చేది. ఆనోడ్‌కు బోరాన్ కలిపిన వజ్రపు పూత, క్యాథోడ్‌కు నికెల్. పొర లేకపోతే రెండు వాయువులూ కలుస్తాయి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే నిప్పురవ్వ చాలు.

నిర్వాహకురాలు: పొర ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్లాంట్ ఇంజినీర్: లోపలికి ఏ నీరు పంపామన్నదాన్ని బట్టి. నూలు పీచు వస్తే దారులు మూసుకుపోతాయి, ముందు 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ ఉండాలి. కాల్షియం, మెగ్నీషియం ఉంటే క్షారం వైపు చేరగానే పొరలోపలే తెల్లగా గడ్డకడతాయి. మెత్తబరచని నీరు పంపకూడదు. రియాక్టివ్ రంగులు రుణావేశంవి కాబట్టి పొర వాటిని నెట్టేస్తుంది. మిథిలీన్ బ్లూ లాంటి బేసిక్ రంగులు ధనావేశంవి, అవి దానికే అతుక్కుంటాయి. సెల్ విప్పితే పొర ముదురు నీలంగా కనిపిస్తుంది. అదే కరెంటుకు వోల్టేజి పెరుగుతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఎలక్ట్రోకెమిస్ట్: ఉప్పు సంగతీ చెప్పాలి. అద్దకంలో వాడిన సోడియం క్లోరైడ్ ఆనోడ్ దగ్గర క్లోరిన్ అవుతుంది. రంగు చకచకా పోతుంది, చూడ్డానికి బ్రహ్మాండం! కానీ క్లోరిన్ చేరిన సేంద్రియ పదార్థాలు మిగులుతాయి. సోడియం సల్ఫేట్‌తో అద్దిన నీరైతే ఈ తలనొప్పి తక్కువ. సీఓడీ పరీక్షలో క్లోరైడ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, దాన్ని పట్టి ఉంచడానికి మెర్క్యురిక్ సల్ఫేట్ వేయాలి.

నిర్వాహకురాలు: కరెంటు బదులు ఎండ సరిపోదా?

ఎలక్ట్రోకెమిస్ట్: 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుగుతో నీటిని విడగొట్టి చూపించారు. ఆ పదార్థపు అనటేజ్ రూపానికి 387 నానోమీటర్ల లోపు వెలుగే పనికొస్తుంది. ఎండలో అది కొద్ది శాతమే. చిక్కని రంగునీరు ఆ వెలుగునూ మింగేస్తుంది. హైడ్రోజన్ కావాలంటే నత్రజనితో ఆక్సిజన్ తోలేయాలి. రంగు పూర్తిగా విరగాలంటే ఆక్సిజన్ ఉంటేనే మేలు. రెండు కోరికలూ ఒక గిన్నెలో కుదరవు.

నిర్వాహకురాలు: అయితే దీన్ని ఇంధన ప్లాంట్ అనొచ్చా?

ప్లాంట్ ఇంజినీర్: అనకూడదు. హైడ్రోజన్‌ను మండిస్తే తిరిగొచ్చే శక్తిని వోల్టుల్లో చెబితే 1.25. సెల్ 5 వోల్టుల మీద నడిస్తే, పెట్టినదాంట్లో పావువంతే వెనక్కి వస్తుంది. అదీ వాయువంతా పట్టుకోగలిగితే. నీటిని ఎలాగూ శుద్ధి చేయాలి, దానికి పెట్టిన కరెంటులో పావువంతు శక్తి తిరిగొచ్చిందనుకోవాలి. ఆ వాయువును యూనిట్‌లోని బాయిలర్‌లోనే కాల్చేయడం మేలు. సిలిండర్లలోకి కుదించబోతే ఆ పావులోంచే కంప్రెసర్ తింటుంది.

నిర్వాహకురాలు: బాయిలర్‌కు నేరుగా కలిపేయొచ్చా?

ప్లాంట్ ఇంజినీర్: కాస్టిక్ తుంపర కడగాలి, తేమ తీయాలి, మంట వెనక్కి రాకుండా ఫ్లేమ్ అరెస్టర్ పెట్టాలి. సెల్ ఆన్ చేసే ముందు గొట్టాల్లోని గాలిని నత్రజనితో తోలేయాలి. ఆపేటప్పుడూ అంతే.