కుర్చీలోంచి లేస్తే తెర ఆరిపోతోంది: డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ రివ్యూ

నమస్కారం. ముందే చెప్పేస్తాను, కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపే ఈ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ నేను కొన్నది కాదు. తయారుచేసినవాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. దీని పొడవెంత, ఎన్ని గిగాబిట్లు మోస్తుంది అన్నవి మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను. నా గొడవ వేరు.

నాలుగు నెలలుగా నా మానిటర్ ఉన్నట్టుండి నల్లబడేది. రెండు సెకన్లు చీకటి, మళ్లీ మామూలే. నేను చేయని పని లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, తీసేసి మళ్లీ వేశాను. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు మీటలూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, ఒక బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ వినీవినీ మా ఇంట్లోవాళ్లకు విసుగొచ్చింది. రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క, 144 హెర్ట్జ్ నుంచి 60కి దించితే కాస్త నయమనిపించింది. అనుమానం అక్కడే రావలసింది. రేటు దించితే కేబుల్ మోయాల్సిన డేటా తగ్గుతుంది, అప్పుడు నాసిరకం కేబుల్ కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. నాకు తట్టలేదు. తప్పంతా గ్రాఫిక్స్ కార్డుదే అనుకుని దాన్ని ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాను. రెండుసార్లు!

ఆ తర్వాత ఒక విచిత్రం గమనించాను. నేను కుర్చీలోంచి లేచినప్పుడే తెర ఆరుతోంది. ఇంట్లో చెబితే నవ్వారు. సరేనని ఫోను ఎదురుగా పెట్టి, పదిసార్లు లేచి కూర్చున్నాను. ఆరుసార్లు ఆరింది. ఎవరూ నవ్వలేదు.

ఇందులో దయ్యమేమీ లేదు. ఎత్తు సర్దుకునే కుర్చీల కింద గ్యాస్ సిలిండర్ ఉంటుంది కదా, మనం లేచినా కూర్చున్నా అక్కడ స్థిర విద్యుత్తు పోగై ఒక్కసారిగా విడుదల కావచ్చు. ఆ క్షణంలో పుట్టే విద్యుదయస్కాంత అలజడిని సరైన కవచం లేని కేబుల్ యాంటెన్నాలా పట్టేస్తుంది. సిగ్నల్ తెగుతుంది. కంప్యూటరూ మానిటరూ మళ్లీ ఒకదాన్నొకటి పలకరించుకునేదాకా చీకటే.

ఈ కేబుల్ పెట్టాక ఇరవైసార్లు లేచి కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి గానీ తెర ఒక్కసారి కూడా ఆరలేదు. మూడు వారాలుగా 144 దగ్గరే నడుస్తోంది.

ఇంతకుముందు వాడిన ఇంకో కేబుల్ సంగతి కూడా చెప్పాలి. డిస్‌ప్లేపోర్ట్‌లో 20వ పిన్ను 3.3 వోల్టుల కరెంటు కోసం. మామూలు కేబుల్లో దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి కలపకూడదు. ఆ పాత కేబుల్లో కలిపేశారు. మానిటర్లోని కరెంటు గ్రాఫిక్స్ కార్డులోకి ఎదురెక్కేది. కేబుల్ పీకితే తప్ప కంప్యూటర్ ఆన్ అయ్యేది కాదు. ఈ కొత్తదాన్ని మల్టీమీటర్‌తో చూశాను, 20వ పిన్ను కలపలేదు. ఆ ఒక్కదానికే సగం మార్కులు ఇచ్చేశాను.

ఇక నా కోపం. దీని కొనలో గొళ్లెం ఉంది. పెట్టేటప్పుడు టక్కుమని పడుతుంది, బాగుంది. తీయాలంటే పైనున్న బొత్తాం నొక్కాలి. నా గ్రాఫిక్స్ కార్డులో ఆ బొత్తాం పక్క పోర్టు వైపు తిరిగి ఉంటుంది, అక్కడ హెచ్‌డీఎంఐ కేబుల్ అడ్డం. వేలు దూరదు, గోరు దూరదు. నొక్కకుండా లాగితే పోర్టే ఊడి వస్తుందని భయం. ఈ బొత్తాన్ని ఇంత చిన్నగా చేసినవాళ్లు ఒక్కరోజైనా బల్ల కింద దూరి, చీకట్లో, టార్చి నోట్లో పెట్టుకుని దీన్ని తీసి చూడాలి.

మీ తెర కూడా ఆరుతుంటే కొత్త కార్డు కొనేముందు కేబుల్ మార్చి చూడండి. అది మానిటర్ నుంచి మదర్‌బోర్డు పోర్టులోకి కాక గ్రాఫిక్స్ కార్డులోకే వెళ్తోందో లేదో కూడా చూసుకోండి. నేను దీన్ని తిరిగి పంపను. పంపాలన్నా, చెప్పాను కదా, అది ఊడి రావాలి.