డెక్ మీద పుట్టగొడుగు, కోనసీమలో కొబ్బరి చెట్టు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? సియాటిల్ పక్కన బోథెల్‌లో, మా ఇంటి వెనక డెక్ మీద, అంటే గోడకి ఆనించి చెక్క పలకలతో కట్టిన అరుగు మీద ఉన్నాను. సెప్టెంబర్ చివరికొచ్చాం, రాత్రిళ్లు చలి మొదలైంది. తులసి కుండీ లోపల పెట్టేద్దామని ఎత్తితే కింద ఇది కనిపించింది. ఫోన్ దగ్గరగా తెస్తున్నా, చూడండి. చెక్క పగులులోంచి రెక్కలా బయటికొచ్చింది కదా, తుప్పు రంగులో, అంచు మాత్రం పసుపుగా? తిప్పితే అడుగున మడతలు మడతలుగా గీతలున్నాయి. ఆరుబయట ఉండే చెక్కకి ఎక్కువగా పట్టే గ్లియోఫిలమ్ జాతి పుట్టగొడుగులు ఇలాగే ఉంటాయి.

గీకేసి రంగు వేసేద్దామన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశాను. గట్టి చెక్కలో మొన కూడా సరిగ్గా దిగదు, ఇక్కడ ముగ్గిన అరటిపండులో దిగినట్టు దిగిపోయింది. ఊడొచ్చిన ముక్క ఇదిగో. గోధుమ రంగు, అడ్డంగా నిలువుగా పగిలి చిన్న చిన్న చదరాలైపోయింది. వేళ్ల మధ్య నలిపితే నస్యంలా పొడైపోతోంది. ఈ శిలీంధ్రం చెక్కకి బలమిచ్చే సెల్యులోజ్‌ని తినేసి, పీచుల్ని అతికించి ఉంచే గోధుమ రంగు లిగ్నిన్‌ని దాదాపు అలాగే వదిలేస్తుంది, అందుకే ఈ రంగు. లిగ్నిన్‌ని కూడా తినే రకం పడితే చెక్క తెల్లబడి పీచులు పీచులుగా ఊడుతుంది. పక్కన బూడిద రంగుకి తిరిగిన ఈ పలకలున్నాయి చూశారా, వాటికేం కాలేదు. అది ఎండకీ వానకీ పైపైన మారిన రంగు, లోపల గట్టిగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం కోనసీమలో మా ఊరు అంబాజీపేటకి వీడియో కాల్ చేసి నాన్నగారికి చూపించాను. చూడగానే, "అమ్మా, ఆ గొడుగు కోసేస్తే ఏం లాభం? అది బయటికొచ్చేసరికే లోపల అంతా పాకేసి ఉంటుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడు" అన్నారు. ఆయన ఆ మాట ఊరికే అనలేదు. మా కొబ్బరి తోటలో ఒక చెట్టుకి గానోడెర్మా అనే శిలీంధ్రపు తెగులొచ్చింది. మొదలు దగ్గర ఎర్రటి బంక కారింది, ఆకులు వేలాడాయి, పుట్టగొడుగు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. అది మట్టిలో, వేళ్ల ద్వారా పాకుతుంది కాబట్టి నాన్నగారు ఆ చెట్టు చుట్టూ గాడి తీయించి, దాని పాదులో నీరు పక్క చెట్లకి పారకుండా వేరే బోదె పెట్టించారు. మిగతా చెట్లకి ఒక్కోదానికి 5 కేజీల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి వేశారు. అది కూడా శిలీంధ్రమే, చెడ్డదాన్ని అణిచే మంచి శిలీంధ్రం. అది వేసినప్పుడు రసాయన తెగులు మందులు కలపకూడదు, ఇదీ చచ్చిపోతుంది.

ఇక మా డెక్ సంగతి. తేమ కొలిచే మీటర్ తెచ్చాను. కుండీ ఉన్న చోట 31 శాతం చూపించింది, నాలుగడుగుల అవతల 14. కుళ్లబెట్టే శిలీంధ్రాల విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంచితే మాత్రం అవి మొలవలేవు. మన చేతిలో ఉన్నది అదొక్కటే.

నాకు నిజంగా టెన్షన్ వచ్చింది డెక్ కిందకి దూరాక. ఇంటి గోడకి బిగించిన లెడ్జర్ బోర్డ్ మీద, నీళ్లు దిగకుండా వేసే ఫ్లాషింగ్ రేకే లేదు. ఎవరు కట్టారో గానీ, గోడకీ బోర్డుకీ మధ్యకి నీళ్లు పోయే దారి వదిలేశారు. డెక్ బరువు సగం మోసేది ఆ బోర్డే. అది కుళ్లితే పదిమంది భోజనానికి నిలబడ్డప్పుడు డెక్ మొత్తం కూలిపోవచ్చు. దయచేసి మీ డెక్ కిందకి ఒకసారి టార్చ్ పట్టుకుని వెళ్లండి.

ఆ తర్వాత లెడ్జర్ మార్పించి రేకు వేయించాం. రెడ్ సీడర్ పలకలు కొన్నాం. మనవాళ్లు టేకు కొనేటప్పుడు చేవ చూస్తారు కదా, ఇక్కడి రెడ్ సీడర్‌కీ అదే లెక్క. శిలీంధ్రాన్ని తట్టుకునే సహజ రసాయనాలు చేవలోనే ఉంటాయి, పైనున్న తెల్లచెక్కలో ఉండవు. కింద దూలాలకి, కుళ్లకుండా మందు పట్టించిన కర్ర వాడాం. దాని మీద వరసగా సన్నని గాట్లున్నాయి, చూడండి. ఇక్కడి డగ్లస్ ఫర్‌లోకి మందు సులువుగా ఇంకదని అలా గాట్లు పెడతారు. అయినా మందు పైపైనే ఉంటుంది. రంపంతో కోసిన చివర ఇదిగో, లోపల మందు పట్టని చెక్కే. అందుకే కోసిన ప్రతి చివరకీ ఆకుపచ్చటి కాపర్ నాఫ్తనేట్ కుంచెతో పూశాం.

పాత కర్రలన్నీ మా ఆయన గరాజ్‌లో పేర్చారు, భోగి మంటకి పనికొస్తాయని. అవి మాత్రం వద్దన్నాను. అమెరికాలో 2003 చివరి వరకు ఇళ్లకి వాడిన మందు కర్రలో ఆర్సెనిక్ ఉండేది, మా డెక్ అంతకుముందుదే. కాలిస్తే పొగలోనూ, బూడిదలోనూ విషం ఉంటుంది, పిల్లలు ఆ మంట చుట్టూనే తిరుగుతారు. శనివారం చెత్త సేకరించే చోట, మందు కర్ర అని చెప్పి అప్పగించి వచ్చాం. భోగికి మందు తగలని ఎండు కర్రలు వేరే తెచ్చుకుంటాం.

వసంతంలో తులసమ్మ మళ్లీ ఇక్కడికే వస్తుంది. కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి ఉంచాను, గాలి ఆడేటట్టు, వేలు దూరేంత సందుతో.