ఇంత పెద్ద ఆకేంటండీ! చాథమ్ ఐలాండ్ ఫర్గెట్ మీ నాట్ రివ్యూ

హాయ్ అండీ, అందరికీ నమస్కారం! న్యూజిలాండ్‌లోని డనీడిన్ నుంచి మళ్లీ వచ్చేశాను. ముందే చెప్పేస్తున్నా, ఈ మొక్కను ఇక్కడి నర్సరీ వాళ్లు ఫ్రీగా పంపారు. అభిప్రాయం మాత్రం నాదే.

ఎత్తు, ఎరువు, నీళ్లు లాంటివన్నీ ట్యాగ్ మీదే ఉంటాయి, ఆ జోలికి పోను. నీలం పూలా? బాగున్నాయి, సరే. నా గోలంతా ఆకు గురించే.

ఇదిగో, దగ్గరికి తెస్తున్నా. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టినా ఆకు అంచు బయటికొస్తోంది. నిగనిగలాడుతోంది కదా! ఈనెల వెంబడి దుక్కిలో చాళ్లలా ఎంత లోతుగా ఉందో చూడండి. ఇప్పుడు మగ్గుతో కాస్త నీళ్లు పోస్తా... చూశారా? అంతా చాళ్లలోంచి జారి కిందికి పోయింది. పొద్దున్నే టీ పట్టుకుని దీని ముందే నిలబడుతుంటే మా ఆయన నవ్వుతున్నారు.

దీని సొంతూరు చాథమ్ దీవులు, న్యూజిలాండ్‌కి తూర్పున దాదాపు 800 కిలోమీటర్లు. ఇలాంటి భారీ ఆకుల మొక్కల్ని మెగాహెర్బ్స్ అంటారు. నాకు అసలు పిచ్చి పట్టించినవి మాత్రం ఇంకా దక్షిణాన, క్యాంప్‌బెల్ దీవిలో ఉన్నాయి. అక్కడ ఎప్పుడూ చలి, మబ్బు, ఈదురుగాలి. అయినా ప్లూరోఫిల్లమ్ అనే మొక్క నేలకి అంటుకుని, నూగున్న వెడల్పాటి ఆకులు పరుచుకుని, ఊదారంగు పూలు పూస్తుంది. కాస్త ఎండ తగిలితే చాలు, ఆ ఆకు చుట్టూ ఉన్న గాలి కంటే బాగా వెచ్చబడుతుంది. 1840లో అక్కడ దిగిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఈ పూలు చూసి మురిసిపోయాడు. తర్వాత 1895లో గొర్రెల్ని తెచ్చారు, అవి ఈ మొక్కల్ని మేసిపారేశాయి. గొర్రెల్ని పూర్తిగా తీసేశాకే మళ్లీ గుబురుగా లేచాయి.

మా పెరట్లో గొర్రెలు లేవు కానీ నత్తలున్నాయి, ఖర్మ! ఇంత అందమైన ఆకుకి రాత్రికి రాత్రే చిల్లులు. టార్చ్ పట్టుకుని ఏరడమే నా డ్యూటీ అయిపోయింది. మధ్యాహ్నం ఎండ పడినా వేలాడిపోతుంది, నీడే కావాలి.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఎక్కడో దీని విత్తనాలు కొన్నాను, ఒక్కటీ మొలవలేదు. కాబట్టి మొక్కే కొనండి.

హైదరాబాద్, విజయవాడ వాళ్లు కామెంట్లలో అడగకముందే చెప్తున్నా: వద్దండీ, మన ఎండకి బతకదు. డనీడిన్, ఇన్వర్‌కార్గిల్ వైపు ఉన్నవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని తెచ్చుకోండి. పదికి తొమ్మిది ఇస్తున్నా, ఆ ఒక్కటీ నత్తలు తినేశాయి.